పాత రేంజ్‌ఫైండర్ లెన్సుకు ఏ డిజిటల్ బాడీ నప్పుతుంది?

ఒకే కెమెరా, పాత లెన్సును దానికి కలిపే ఒకే అడాప్టర్ రింగు. 50 ఎంఎం లెన్స్ తగిలిస్తే ఫొటో ఈ అంచు నుంచి ఆ అంచు దాకా చక్కగా వస్తుంది. దాన్ని తీసి 28 ఎంఎం పెడితే మధ్యలో పదునుగా ఉన్న బొమ్మ మూలలకు వెళ్లేసరికి తడిచెయ్యి తగిలిన రంగులా అలుక్కుపోతుంది. అదే 28ని ఇంకో కంపెనీ బాడీకి పెడితే మూలలు చాలావరకు కుదుటపడతాయి. లెన్స్ మారలేదు, ఫొటో తీసే చెయ్యి మారలేదు. చాలామంది మొదట లెన్స్ పాడైందనుకుంటారు, తర్వాత అడాప్టర్‌ను అనుమానిస్తారు. ఎక్కువసార్లు ఆ రెండూ కారణం కావు.

రేంజ్‌ఫైండర్ కెమెరాల (లెన్స్‌గుండా కాకుండా వేరే కిటికీలోంచి చూసి ఫోకస్ చేసేవి) కోసం చేసిన లైకా స్క్రూ మౌంట్, ఎం మౌంట్ లెన్సులకు ఇప్పుడు మళ్లీ గిరాకీ ఉంది. లెన్స్‌ను కెమెరాకు బిగించే అమరికే మౌంట్. దశాబ్దాల నాటి పాతవి ఒకవైపు, అదే పద్ధతిలో కాసినా చేసే ఫోక్ట్‌లాండర్, జైస్ లెన్సులు, టీటీఆర్టిజన్ వంటి చైనా కంపెనీల కొత్త లెన్సులు మరోవైపు. వీటిని పెట్టుకోవడానికి ఏ డిజిటల్ బాడీ కొనాలన్న ప్రశ్నకు వచ్చే జవాబులు మాత్రం ఒకదానితో ఒకటి కలవవు. ఒకరు ఏ మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరా అయినా చాలంటారు, ఇంకొకరు లైకా తప్ప వేరేది వద్దంటారు. ఇద్దరి దగ్గరా రుజువుగా ఫొటోలు ఉంటాయి, ఇద్దరూ చెప్పేది నిజమే. వాళ్లు వాడే లెన్సులు వేరు, అంతే.

సంక్షిప్తంగా

సెన్సర్ ముందు అతికించిన గాజు పలక మందం, లెన్స్ నుంచి వెలుగు మూలలకు ఎంత ఏటవాలుగా వస్తుందన్నది, ఈ రెండూ కలిసి మూలల నాణ్యతను తేలుస్తాయి. 50 ఎంఎం, అంతకు మించిన లెన్సులకు దాదాపు ఏ ఫుల్ ఫ్రేమ్ (35 ఎంఎం ఫిల్మ్ ఫ్రేమ్ అంత సెన్సర్ ఉన్న) మిర్రర్‌లెస్ అయినా పనికొస్తుంది. 35 దగ్గర తేడా మొదలవుతుంది. 28, 21 దగ్గర బాడీ ఎంపికే అసలు విషయం అవుతుంది. ఫోకస్ చేసే పద్ధతి రెండో ప్రమాణం. మెగాపిక్సెళ్లు చాలా వెనక వస్తాయి.

అడాప్టర్ ఎందుకు సాధ్యమైంది

లెన్స్ మౌంట్ అంచు నుంచి ఫిల్మ్ లేదా సెన్సర్ దాకా ఉండే దూరాన్ని ఫ్లాంజ్ దూరం అంటారు. పాత 39 ఎంఎం స్క్రూ మౌంట్‌కు అది 28.8 మి.మీ. 1954లో ఎం3తో లైకా బయోనెట్ మౌంట్‌కు మారినప్పుడు దాన్ని 27.8గా పెట్టింది. ఆ ఒక్క మిల్లీమీటర్ తేడా కావాలని ఉంచిందే. 1 మి.మీ. మందం ఉన్న రింగు బిగిస్తే స్క్రూ లెన్స్ ఎం బాడీ మీద సరిగ్గా కూర్చుంటుంది, రేంజ్‌ఫైండర్ కూడా పనిచేస్తుంది. అందుకే ఈ వ్యాసంలో స్క్రూ లెన్సులను, ఎం లెన్సులను ఒకే కుటుంబంగా చూడవచ్చు.

ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాల్లో లెన్స్‌కూ ఫిల్మ్‌కూ మధ్య అద్దం ఊగడానికి చోటు కావాలి. నికాన్ ఎఫ్ మౌంట్ ఫ్లాంజ్ దూరం 46.5 మి.మీ., కానన్ ఈఎఫ్‌ది 44. వాటి మీద రేంజ్‌ఫైండర్ లెన్స్ పెడితే అనంత దూరానికి ఫోకస్ అందదు, దగ్గరి వస్తువులే కనిపిస్తాయి. మిర్రర్‌లెస్‌లో అద్దం లేదు. సోనీ ఈ మౌంట్ 18 మి.మీ., నికాన్ జెడ్ 16, ఎల్ మౌంట్, కానన్ ఆర్‌ఎఫ్ చెరి 20, ఫ్యూజీ ఎక్స్ 17.7, మైక్రో ఫోర్ థర్డ్స్ 19.25. 27.8 లోంచి ఇవి తీసేస్తే మిగిలేదే అడాప్టర్ మందం: సోనీకి 9.8 మి.మీ., నికాన్ జెడ్‌కు 11.8. లోపల గాజు ఏమీ ఉండదు, ఖాళీ గొట్టమే.

లెక్క ఇంతే అయితే సమస్యే ఉండకూడదు. లెన్స్ ఉండాల్సిన దూరంలోనే ఉంది, వెలుగు రావాల్సిన చోటికే వస్తోంది. కానీ ఆ లెన్సును లెక్కగట్టినవాళ్లు దాని వెనక గాలి, ఆ తర్వాత ఫిల్మ్ మాత్రమే ఉంటాయనుకున్నారు. డిజిటల్ కెమెరాలో మధ్యలో ఇంకొకటి వచ్చి చేరింది.

గాజు పలక ఏం చేస్తుంది

సెన్సర్ ముందు పరారుణ కిరణాలను ఆపే ఫిల్టర్, కొన్ని బాడీల్లో మోయిరే (సన్నటి గీతల మీద పడే అలల మరకలు) తగ్గించే పొర, దుమ్ము దులిపే పలక, రక్షణ గాజు, ఇవన్నీ ఒకదానిమీద ఒకటి ఉంటాయి. డిజిటల్ లైకా ఎం బాడీల్లో వీటి మొత్తం మందం 1 మి.మీ. లోపే. సోనీ ఫుల్ ఫ్రేమ్ బాడీల్లో సుమారు 2 మి.మీ. మైక్రో ఫోర్ థర్డ్స్‌లో సుమారు 4. నికాన్ జెడ్ బాడీలది లైకా కంటే కాస్త ఎక్కువ, సోనీ కంటే తక్కువ.

ఈ మిల్లీమీటర్ తేడాకు ఇంత గొడవ ఎందుకో తెలియాలంటే నీళ్లున్న బకెట్‌లో రూపాయి బిళ్ల వేసి చూస్తే చాలు. పైనుంచి నిటారుగా చూస్తే అది కొంచెం పైకి తేలినట్టు కనిపిస్తుంది. పక్కకు వంగి ఏటవాలుగా చూస్తే ఇంకా పైకి తేలుతుంది, ఆకారం కూడా నలిగినట్టుంటుంది. గాజు పలకలోనూ అదే జరుగుతుంది. నిటారుగా వచ్చే వెలుగు ఫోకస్‌ను అది పలక మందంలో మూడో వంతు వెనక్కి జరుపుతుంది. ఏటవాలుగా వచ్చే వెలుగును అంతకంటే ఎక్కువ జరుపుతుంది. మధ్యభాగంలో జరిగినదాన్ని ఫోకస్ రింగు తిప్పి సరిచేసుకోవచ్చు. మూలల్లో అదనంగా జరిగినదాన్ని సరిచేసే రింగు లేదు.

అసలు వెలుగు ఎంత ఏటవాలుగా వస్తుంది? పాత రేంజ్‌ఫైండర్ వైడ్ లెన్సులు చాలావరకు సౌష్ఠవమైనవి. ఎపర్చర్‌కు (వెలుగును అదుపుచేసే రంధ్రానికి) ముందూ వెనకా దాదాపు ఒకే అమరిక ఉంటుంది, వెనక గాజు ఫిల్మ్‌కు దగ్గరగా దిగిపోతుంది. అద్దం అడ్డులేని కెమెరా కాబట్టి అలా చెయ్యగలిగారు. దానివల్ల లెన్స్ చిన్నదయింది, గీతలు వంగకుండా వచ్చాయి. ఇలాంటి లెన్స్‌లో ఫ్రేమ్ మూలకు చేరే కిరణం కోణం సుమారుగా ఇలా ఉంటుంది: 50 ఎంఎంకు 23 డిగ్రీలు, 35కు 32, 28కి 38, 21కి 46. ఫిల్మ్‌కు ఈ కోణంతో పెద్ద పేచీ లేదు. మూలలు కొంత నల్లబడతాయి, అంతే.

ఇప్పుడు 28 ఎంఎం సౌష్ఠవ లెన్స్ తీసుకుని లెక్క కడదాం. లోపమే లేని లెన్స్ అనుకుందాం. గాజు వక్రీభవన గుణకం 1.5. 2 మి.మీ. పలక వెనక, మధ్యభాగంతో పోలిస్తే మూలలో ఫోకస్ ఒక దిశలో సుమారు 0.18 మి.మీ., దానికి అడ్డదిశలో సుమారు 0.47 మి.మీ. తప్పుతుంది. రెండు దిశల్లో రెండు రకాలుగా తప్పడాన్నే ఆస్టిగ్మాటిజం అంటారు. మూలల్లోని ఆకులు చుక్కలుగా కాకుండా గీతలుగా సాగడానికి కారణం ఇదే. ఎపర్చర్ ఎఫ్8 దగ్గర 0.47 మి.మీ. తప్పు అంటే సెన్సర్ మీద 0.06 మి.మీ. మసక. 24 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్ సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ 0.006 మి.మీ. అంటే ఒక చుక్క పది పిక్సెళ్ల పొడవున పరుచుకుంటుంది. అదే లెన్స్, అదే ఎఫ్8, పలక 0.8 మి.మీ. అయితే ఆ పొడవు నాలుగు పిక్సెళ్లకు తగ్గుతుంది. ప్రింటులో ఒకటి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, రెండోది వెతికితే గాని కనిపించదు.

ఇదే లెక్క 50 ఎంఎంకు వేస్తే 2 మి.మీ. పలక వెనక కూడా మూలలో తప్పు 0.18 మి.మీ. మాత్రమే. ఎఫ్5.6 దగ్గరే అది దాదాపు సర్దుకుంటుంది. 50 వాడేవారు, 28 వాడేవారు ఒకే బాడీ గురించి ఒకరికొకరు పొసగని మాటలు చెప్పడానికి కారణం ఈ రెండు అంకెల మధ్య తేడానే. నిజమైన లెన్సుల్లో ఈ విలువలు కొంత అటూఇటూ అవుతాయి, ఎందుకంటే ప్రతి లెన్స్ ఫోకస్ తలానికీ సొంత వంపు ఒకటి ముందే ఉంటుంది. వరస మాత్రం మారదు.

లెన్స్ ఎంత వైడ్ అన్నదొక్కటే చూసినా సరిపోదు. ఎస్‌ఎల్‌ఆర్ పద్ధతిలో రెట్రోఫోకస్‌గా (వెనక గాజు ఫిల్మ్‌కు దూరంగా ఉండేలా) చేసిన వైడ్ లెన్సులు పెద్దగా ఉంటాయి, కానీ వాటి నుంచి వెలుగు మూలలకు అంత ఏటవాలుగా రాదు. జైస్ ఎం మౌంట్ లెన్సుల్లో 21 ఎంఎం ఎఫ్4.5 సి బయోగాన్ దాదాపు సౌష్ఠవమైనది, డిజిటల్‌లో చాలా ఇబ్బంది పెడుతుంది. అదే కంపెనీ 35 ఎంఎం ఎఫ్1.4 డిస్టగాన్ రెట్రోఫోకస్, బొద్దుగా ఉన్నా డిజిటల్‌తో బాగా సర్దుకుంటుంది. ఫోక్ట్‌లాండర్ 15 ఎంఎం ఎఫ్4.5 కూడా మంచి ఉదాహరణ. 1999లో వచ్చిన మొదటి రూపం ఫిల్మ్ కోసం చేసింది, అరచేతిలో ఇమిడేంత చిన్నది. 2015లో వచ్చిన మూడో రూపాన్ని డిజిటల్ సెన్సర్ల కోసమే మళ్లీ లెక్కగట్టారు. పొడవు పెరిగింది, మూలల రంగులు దారికొచ్చాయి.

రంగు మరక వేరు, మసక వేరు

ఈ రెండింటినీ కలిపి చూడటం వల్ల చాలా గందరగోళం పుట్టింది. మసకకు కారణం గాజు పలక. ఒక అంచు ఊదాగా, ఇంకో అంచు పచ్చగా మారడానికి కారణం సెన్సర్ నిర్మాణం. పాత తరహా సెన్సర్‌లో వెలుగును పట్టే భాగం తీగల పొర కింద, గుంటలో ఉన్నట్టు ఉంటుంది. ఏటవాలు వెలుగు గుంట అడుగుకు చేరదు, లేదా పక్క పిక్సెల్‌లోకి జారుతుంది. పక్కది వేరే రంగు పిక్సెల్ కాబట్టి రంగు తేడా వస్తుంది.

లైకా దీన్ని ఎం8, ఎం9 రోజుల్లోనే అంచుల్లోని మైక్రోలెన్సులను (పిక్సెళ్ల మీద ఉండే బుల్లి లెన్సులను) లోపలి వైపు జరిపి తగ్గించుకుంది. సోనీ 2015లో ఏ7ఆర్ రెండో తరంలో ఫుల్ ఫ్రేమ్‌కు బ్యాక్ ఇల్యుమినేటెడ్ సెన్సర్ తెచ్చింది. అందులో తీగల పొర వెనక్కి వెళ్లింది, గుంట లోతు పోయింది. 2013 నాటి మొదటి ఏ7ఆర్‌లో దారుణంగా కనిపించిన ఊదా అంచులు ఇందులో చాలావరకు తగ్గాయి. మూలల మసక మాత్రం అలాగే ఉంది, ఎందుకంటే గాజు పలక మారలేదు. కొత్త సెన్సర్ వచ్చింది కాబట్టి వైడ్ లెన్సుల కష్టం తీరిపోయిందన్న మాటలో సగమే నిజం.

రంగు మరకకు ఇంట్లోనే మందుంది. లెన్స్ ముందు తెల్లటి పాలరంగు ప్లాస్టిక్ పెట్టి అదే ఎపర్చర్‌లో ఒక ఫ్రేమ్ తీసి, లైట్‌రూమ్ క్లాసిక్‌లోని ఫ్లాట్ ఫీల్డ్ కరెక్షన్‌కో, క్యాప్చర్ వన్‌లోని అలాంటి సదుపాయానికో ఇస్తే రంగు, చీకటి రెండూ సర్దుకుంటాయి. మసకకు సాఫ్ట్‌వేర్ మందు లేదు. గాజు పలక తీయించి పలచటిది వేయించుకునేవారు ఉన్నారు. అలా మార్చిన బాడీ మీద ఆ కంపెనీ సొంత లెన్సులు మూలల్లో దెబ్బతింటాయి, ఎందుకంటే అవి మందపాటి పలకను లెక్కలోకి తీసుకునే తయారయ్యాయి. అంటే ఒక కెమెరాను పూర్తిగా పాత లెన్సులకే రాసివ్వాలి. ఇంకొందరు లెన్స్ ముందు చాలా తక్కువ పవర్ ఉన్న కుంభాకార ఫిల్టర్ బిగించి వంపును కొంత సరిచేస్తారు. పలక తీయించడం కంటే ఇది తేలిక, నష్టం కూడా లేదు. కానీ లెన్స్‌ను బట్టి ఫిల్టర్ పవర్ మారుతుంది.

మరి ఆ పలకను అన్ని కంపెనీలూ పలచగా ఎందుకు చెయ్యవు? 2006లో వచ్చిన లైకా ఎం8 దీనికి జవాబు. ఏటవాలు వెలుగు కోసం అందులో పలకను 0.5 మి.మీ.కే పరిమితం చేశారు. మూలలు బాగున్నాయి, కానీ పరారుణ కిరణాలు లోపలికి వచ్చాయి. నల్లటి సింథటిక్ బట్టలు ఊదారంగులో పడ్డాయి. చివరికి కొన్నవారికి లెన్స్ ముందు పెట్టుకునే ఫిల్టర్లు ఇవ్వాల్సి వచ్చింది. 2009 నాటి ఎం9లో పలకను 0.8కి పెంచారు. పలక పలచనైతే మూలలు బాగుంటాయి, రంగులు కష్టం. మందమైతే రంగులు సులభం, మూలలు కష్టం. సొంత లెన్సులను మందపాటి పలకకు తగ్గట్టు తయారు చేసుకునే కంపెనీకి పలచన చెయ్యాల్సిన అవసరమే లేదు.

ఫోకస్: రెండు బొమ్మలు కలపడమా, తెరమీద చూడడమా

రేంజ్‌ఫైండర్ కెమెరాలో కన్ను లెన్స్‌గుండా చూడదు. వ్యూఫైండర్ మధ్యలో చిన్న మెరిసే గడి ఉంటుంది, అందులో ఒకే వస్తువు రెండుగా కనిపిస్తుంది. లెన్స్ రింగు తిప్పితే లెన్స్ వెనక ఉన్న లోహపు అంచు బాడీలోని చిన్న చక్రాన్ని నెడుతుంది, గడిలోని బొమ్మ జరుగుతుంది. రెండూ ఒకటైతే ఫోకస్ కుదిరినట్టు. ఎదుటి మనిషి కళ్లజోడు ఫ్రేమ్ అంచు రెండు గీతలుగా ఉండి, వేలు కొద్దిగా కదలగానే టక్కున ఒక గీత అవుతుంది. దీనికి అలవాటుపడ్డ చెయ్యి చాలా వేగంగా పనిచేస్తుంది. పైగా ఫ్రేమ్ గీతల బయట ఉన్నది కూడా కనిపిస్తుంది కాబట్టి ఫ్రేములోకి ఎవరు వస్తున్నారో ముందే తెలుస్తుంది.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. రెండు కిటికీల మధ్య దూరాన్ని వ్యూఫైండర్ మాగ్నిఫికేషన్‌తో హెచ్చిస్తే వచ్చే విలువే దాని కచ్చితత్వం. ఇప్పటి లైకా ఎం బాడీల్లో అది సుమారు 50 మి.మీ. 28, 35, మామూలు 50 లెన్సులకు ఇది పుష్కలం. 75 ఎఫ్1.4, 90 ఎఫ్2 లాంటివి పూర్తిగా తెరిచి వాడితే సరిహద్దు మీద నడిచినట్టే. లెన్స్, దాని అంచు, బాడీలోని చక్రం మూడూ ఒకే కొలతకు ఉండాలి. ఒకటి కాస్త తప్పినా గడిలో రెండు బొమ్మలూ కలుస్తాయి, ఫొటోలో ఫోకస్ కనురెప్పల నుంచి చెవి మీదికి పోతుంది. జర్మన్ కాంటాక్స్ కెమెరాల ప్రమాణం వారసత్వంతో వచ్చిన సోవియట్ జ్యూపిటర్ 50 ఎంఎం లెన్సుల్లో ఇది తరచూ ఎదురవుతుంది. దూరంలో సరిపోతుంది, దగ్గరికి వచ్చేకొద్దీ తప్పుతుంది. ఇంకో హద్దు దగ్గరి దూరం. రేంజ్‌ఫైండర్ జతకలిసి పనిచేసేది చాలా ఎం బాడీల్లో 0.7 మీటర్ల దాకానే, పాత లెన్సులు చాలావరకు 1 మీటర్ దగ్గరే ఆగిపోతాయి.

ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్‌లో ఈ కొలతల బెడద ఉండదు. సెన్సర్ చూసేదే కన్ను చూస్తుంది. జ్యూపిటర్ అయినా, ఎప్పుడో ఎవరో విప్పి బిగించిన లెన్స్ అయినా తెరమీద పదునుగా కనిపిస్తే ఫొటోలోనూ పదునే. హెలికాయిడ్ (తిప్పితే పొడవు పెరిగే మర) ఉన్న అడాప్టర్ పెడితే లెన్స్ ఇంకొన్ని మిల్లీమీటర్లు ముందుకు వచ్చి, 0.7 మీటర్ల హద్దు దాటి దగ్గరికి ఫోకస్ అవుతుంది. రేంజ్‌ఫైండర్ లెన్సులకు ఇది కొత్త జీవితం ఇచ్చినట్టే.

ఫోకస్ షిఫ్ట్ విషయంలో తేడా ఇంకా స్పష్టం. జైస్ 50 ఎఫ్1.5 సి సోనార్ లాంటి లెన్సుల్లో ఎపర్చర్ మూసేకొద్దీ పదునైన చోటు వెనక్కి జరుగుతుంది. రేంజ్‌ఫైండర్‌కు ఎపర్చర్ సంగతి తెలియదు, కాబట్టి ఏదో ఒక ఎపర్చర్‌కే అది సరిగ్గా కుదురుతుంది. మిర్రర్‌లెస్‌లో తీయబోయే ఎపర్చర్‌లోనే ఫోకస్ చేస్తే ఈ చిక్కు రాదు. అయితే వెలుగు ఎక్కువగా ఉంటుందని ఎపర్చర్ తెరిచి ఫోకస్ చేసి, తర్వాత మూసి ఫొటో తీస్తే మిర్రర్‌లెస్‌లోనూ అదే తప్పు తిరిగొస్తుంది.

ఫోకస్ పీకింగ్ మీద అతిగా ఆధారపడకపోవడం మంచిది. అది కాంట్రాస్ట్ ఉన్న అంచులకు రంగు పూస్తుంది, అంతే. పాత లెన్స్ పూర్తిగా తెరిచినప్పుడు కాంట్రాస్ట్ తక్కువ కాబట్టి రంగే రాదు. వైడ్ లెన్స్‌లో ఫ్రేమ్ సగానికి రంగు పూస్తుంది, ఏది నిజమో తేలదు. మాగ్నిఫికేషన్ నమ్మదగినది. కానీ దానికి ఒక బటన్ నొక్కాలి, ఫ్రేమ్ మొత్తం కనిపించదు, 90 ఎంఎంతో పెద్దది చేసి చూస్తుంటే చేతి వణుకు కూడా పెద్దదై బొమ్మ ఈదుతున్నట్టు ఉంటుంది. ఇక్కడే బాడీలోని స్టెబిలైజేషన్ (వణుకును సరిచేసే ఏర్పాటు) చేసే మేలు తెలుస్తుంది. అది ఫొటోను మాత్రమే కాదు, చాలా బాడీల్లో ఫోకస్ చేసేటప్పటి దృశ్యాన్ని కూడా నిలబెడుతుంది. లెన్స్‌కు ఎలక్ట్రానిక్ కాంటాక్టులు లేవు కాబట్టి ఫోకల్ లెంగ్త్‌ను మెనూలో చేత్తో ఇవ్వాలి. 50 తీసి 28 పెట్టి మెనూ మార్చడం మరిచిపోతే స్టెబిలైజేషన్ అవసరానికి మించి కదిలి ఫొటోనే చెడగొడుతుంది.

బాడీలు ఒక్కొక్కటిగా

మొదటి డిజిటల్ రేంజ్‌ఫైండర్ లైకా చేసింది కాదు. 2004లో ఎప్సన్, కాసినాతో కలిసి ఆర్-డి1 తెచ్చింది. 6 మెగాపిక్సెళ్లు, ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నదైన ఏపీఎస్-సి సెన్సర్. తర్వాతి నుంచి ఆ దారి ప్రధానంగా లైకాదే. 28, 21 సౌష్ఠవ లెన్సులు ఎక్కువగా వాడేవారికి ఇప్పటికీ లైకా ఎం బాడీకి సాటి లేదు. సెన్సర్, పలక, మైక్రోలెన్సులు అన్నీ ఈ లెన్సుల కోసమే కుదిర్చినవి. ఎం9 వాడినది కొనేటప్పుడు ఒక జాగ్రత్త ముఖ్యం. ఆ తరం సీసీడీ సెన్సర్ల కవర్ గాజు తుప్పుపట్టి మచ్చలు పడే లోపం ఉంది. సెన్సర్ మార్చారా లేదా అన్నది అడగకుండా కొనకూడదు. 2012లో ప్రకటించిన ఎం టైప్ 240 నుంచి లైవ్ వ్యూ వచ్చింది, కాబట్టి రేంజ్‌ఫైండర్‌తో కుదరని లెన్స్‌ను తెరమీద చూసి ఫోకస్ చేయవచ్చు. 2017 నాటి ఎం10 మళ్లీ ఫిల్మ్ కెమెరా అంత సన్నబడింది. 2022లో వచ్చిన ఎం11కు 60 మెగాపిక్సెళ్ల బ్యాక్ ఇల్యుమినేటెడ్ సెన్సర్ ఉంది. వీటిలో దేనిలోనూ స్టెబిలైజేషన్ లేదు. 2025లో లైకాయే రేంజ్‌ఫైండర్ తీసేసి ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్ పెట్టిన ఎం ఈవీ1 తెచ్చింది. రెట్టింపైన గడి బొమ్మ కంటే తెర మీదే నమ్మకం ఉన్నవాళ్లు ఎం లెన్సులు వాడేవారిలోనూ చాలామంది ఉన్నారనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్‌లో 35, 50, 75 లెన్సులు ప్రధానంగా ఉండి, అప్పుడప్పుడూ 28 వాడేవారికి నికాన్ జెడ్ బాడీలు మంచి ఎంపిక. పలక సోనీ కంటే పలచన, 16 మి.మీ. ఫ్లాంజ్ వల్ల అడాప్టర్లకు చోటు ఎక్కువ, జెడ్5 నుంచి జెడ్‌ఎఫ్ దాకా చాలావాటిలో స్టెబిలైజేషన్ ఉంది. కాంటాక్టులు లేని లెన్సుల ఫోకల్ లెంగ్త్, ఎపర్చర్ వివరాలను ముందే నమోదు చేసి పెట్టుకోవచ్చు. లెన్స్ మార్చినప్పుడు జాబితాలోంచి ఎంచుకుంటే సరి. 2023 నాటి జెడ్‌ఎఫ్ పైన షటర్ స్పీడ్ డయల్ కూడా ఉండటంతో, ఎపర్చర్ రింగున్న లెన్స్‌తో మెనూ జోలికి పోకుండా పని సాగుతుంది.

సోనీది విచిత్రమైన స్థితి. పాత లెన్సులను ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ మీద వాడే అలవాటును మొదలుపెట్టింది 2013 నాటి ఏ7యే. అడాప్టర్ల రకాల్లో ఇప్పటికీ దాన్ని మించింది లేదు. మాన్యువల్ లెన్స్‌ను మోటారుతో ముందుకూ వెనక్కూ జరిపి ఆటోఫోకస్ చేసే టెకార్ట్ అడాప్టర్ మొదట దీనికే వచ్చింది. కానీ పలక మందం వల్ల సౌష్ఠవ వైడ్ లెన్సులకు ఇది చాలా కష్టమైన చోటు. 50, అంతకు మించిన లెన్సులతో పనిచేసేవారికి మాత్రం వాడిన ఏ7 రెండో తరం, స్టెబిలైజేషన్‌తో సహా, ఇప్పటికీ హాయిగా సరిపోతుంది. 28 సౌష్ఠవ లెన్స్ చేతిలో ఉండి సోనీ కొనడం తెలిసి చేసే పొరపాటు.

లైకా ఎస్‌ఎల్ వరస బాడీలు బరువైనవి, కానీ ఎం లెన్సులను దృష్టిలో పెట్టుకుని చేసినవి. లైకా సొంత అడాప్టర్‌తో పెడితే, ఎం8 కాలం నుంచి లెన్స్ మౌంట్ మీద వేస్తున్న ఆరు గుర్తుల కోడ్‌ను చదివి లెన్స్ ఏదో తెలుసుకుంటాయి. ఎస్‌ఎల్2 నుంచి స్టెబిలైజేషన్ కూడా ఉంది. 90 ఎఫ్2, 75 ఎఫ్1.4 లాంటి కష్టమైన లెన్సులకు ఎం బాడీ కంటే ఇవే నయం.

చిన్న సెన్సర్ బాడీల సంగతి కొద్ది మాటల్లో చెప్పుకోవచ్చు. ఏపీఎస్-సి మూలలను కోసేస్తుంది కాబట్టి 28 ఎంఎం కోణం 38 నుంచి 27 డిగ్రీలకు దిగుతుంది, మసక సమస్య చాలావరకు మాయమవుతుంది. దానితోపాటు వైడ్ కూడా మాయమవుతుంది, ఎందుకంటే 28 కాస్తా 42లా పనిచేస్తుంది. ఇప్పటికే ఫ్యూజీ ఎక్స్ బాడీ ఉన్నవారు 35 పెట్టుకుని 50లా వాడుకోవడం సరదాగా ఉంటుంది. కేవలం ఈ లెన్సుల కోసం కొత్తగా కొనడానికి మాత్రం ఇది దారి కాదు. ఇంకా చిన్న సెన్సర్ ఉన్న మైక్రో ఫోర్ థర్డ్స్‌లో రెట్టింపు క్రాప్ (28 కాస్తా 56లా పనిచేస్తుంది), 4 మి.మీ. పలక రెండూ కలుస్తాయి.

అడాప్టర్, ఇంకొన్ని చిన్న చిక్కులు

చాలా అడాప్టర్లను కావాలనే కొంచెం పలచగా చేస్తారు. అనంత దూరం అందలేదన్న ఫిర్యాదు రాకూడదని. దానివల్ల రింగు మీద అనంతం గుర్తుకు ముందే ఫోకస్ కుదురుతుంది, దూరాల గుర్తులు పనికిరావు. వీధిలో దూరం అంచనా వేసి రింగు తిప్పేవారికి ఇది పెద్ద లోటు. లోపల గాజులు వేర్వేరుగా జరిగే లెన్సుల్లో నాణ్యత కూడా తగ్గుతుంది. అడాప్టర్ ఒక వైపు వంగి ఉంటే ఆ వైపు మూలలే చెడతాయి.

సోవియట్ జ్యూపిటర్-12 35 ఎంఎం లాంటి లెన్సుల వెనక గాజు బాడీలోకి లోతుగా దిగుతుంది. 50 ఎంఎం ఎల్మార్ లాంటి మడిచే లెన్సుల గొట్టం కూడా మడిస్తే అంతే. ఇవి షటర్‌కు తగలవన్న నమ్మకం కుదిరేదాకా పెట్టకూడదు, మడవకూడదు. ఇక కొత్తగా అడాప్టర్ పెట్టినవారిని చాలాసార్లు టెన్షన్ పెట్టేది ఒకటుంది: షటర్ నొక్కినా కెమెరా కదలదు. కాంటాక్టులు లేవు కాబట్టి లెన్స్ లేదనుకుంటుంది. లెన్స్ లేకుండా షటర్ పనిచేసే సెట్టింగ్‌ను మెనూలో ఆన్ చేస్తే సరిపోతుంది.

కొనేముందు అరగంట పరీక్ష

చేతిలో ఉన్న లెన్సుల్లో అన్నిటికంటే వైడ్‌ది తీసుకుని, దాన్ని తిప్పి వెనకవైపు చూడాలి. వెనక గాజు మౌంట్ అంచును దాటి బయటికి పొడుచుకొచ్చి ఉంటే అది బాడీ విషయంలో పట్టుబట్టే లెన్స్. లోపలికి ఉంటే ఎంపిక సులభం.

తర్వాత ఆ లెన్స్‌ను కొనదలచిన బాడీ మీద పెట్టి, దూరంగా కొమ్మలు, కిటికీలు ఫ్రేమ్ నిండా ఉన్న దృశ్యాన్ని ఎఫ్4, ఎఫ్8లో తీయాలి. మొదట మధ్యలో మాగ్నిఫై చేసి ఫోకస్ చేయాలి. తర్వాత అదే ఫ్రేమ్‌ను మూలలో ఫోకస్ చేసి మళ్లీ తీయాలి. మూలకు ఫోకస్ చేసినప్పుడు మూల పదునై మధ్యభాగం మసకబారితే అది ఫోకస్ తలం వంగడం. ఎపర్చర్ మూస్తే, లేదా మధ్యకూ మూలకూ నడుమ ఫోకస్ చేస్తే సర్దుకోవచ్చు. మూలకే ఫోకస్ చేసినా కొమ్మలు గీతలుగా సాగుతూనే ఉంటే అది ఆస్టిగ్మాటిజం, ఆ బాడీ మీద ఆ లెన్స్‌కు అంతకంటే మెరుగు లేదు. నాలుగు మూలల్లో ఒక్కటే చెడితే బాడీ మీద నింద వెయ్యక్కర్లేదు, లెన్స్ లోపలి గాజు పక్కకు జరిగింది లేదా అడాప్టర్ వంగింది. అడాప్టర్ మార్చి చూస్తే ఏదో తెలుస్తుంది. చివరగా ఒక తెల్లగోడ ఫొటో తీస్తే రంగు మరక ఎంత ఉందో ఒక్క చూపులో కనిపిస్తుంది.

ఈ పరీక్షకు 60 మెగాపిక్సెళ్ల బాడీ అక్కర్లేదు. 2 మి.మీ. పలక వెనక 28 ఎంఎం మూలలో పది పిక్సెళ్లు పరుచుకున్న చుక్క, 60 మెగాపిక్సెళ్ల సెన్సర్ మీద పదహారు పిక్సెళ్లు పరుచుకుంటుంది. మసక అంతే ఉంటుంది, దాన్ని ఇంకా వివరంగా చూపిస్తుంది.